అధ్యాయం 7: పసుపు చీటీ

పాశమైలారంలో మా మందుల ప్లాంటుకు లారీ వస్తే ముందు దిగేది సరుకు కాదు, కాగితాలు. ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగి వచ్చిన డ్రైవరు ఎంత తొందరపెట్టినా సరే, డ్రమ్ము మీది బ్యాచ్ నంబరూ పరీక్ష కాగితం మీది నంబరూ కలిసేదాకా స్టోర్సు వాళ్లు సీలు ముట్టుకోరు. కలిశాక కూడా డ్రమ్ముకు పసుపు చీటీయే అంటిస్తారు, ఇంకా పరీక్షలో ఉందని. పాసైతే ఆకుపచ్చ చీటీ, ఫెయిలైతే ఎర్ర చీటీ. ప్రతి చీటీ మీదా రెండు గడులుంటాయి: చేసినవారు, సరిచూసినవారు. ఒకే మనిషి రెండు గడుల్లో సంతకం పెట్టకూడదు. ఇరవై ఆరేళ్లు నేను ఆ గడుల్లో సంతకాలు పెట్టాను. కొత్తగా చేరిన కుర్రాళ్లకు 'రాయనిది జరగనట్టే' అని పాఠం చెప్పింది కూడా నేనే.

అలాంటి నేను ఒక ఆదివారం పాతబస్తీలో పద్దెనిమిది వేలు లెక్కపెట్టి ఇచ్చి ఒక పాత కోటు ఇంటికి తెచ్చుకున్నాను. బిల్లు లేదు, చీటీ లేదు. ఎవరి దగ్గర కొన్నానో అడగొద్దు. ఆయన అమ్మాడు, నేను కొన్నాను. తప్పులో పెద్ద వాటా నాదే.

బూడిదా ఆకుపచ్చా కలిసిన రంగు ఉన్ని కోటు. రొమ్ము మీద డేగ గుర్తు. కుడి చేతి మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పట్టీలు, వాటి మీద దూకుతున్న పులి, పైన జర్మన్ భాషలో 'ఫ్రైయెస్ ఇండియెన్', అంటే స్వేచ్ఛా భారత్. అది చూడగానే నా గుండె ఒక్క క్షణం ఆగి కొట్టుకుంది. నా మొహం చూసి ఆ సంగతి దుకాణదారు పసిగట్టాడు.

"సార్, గిది మామూలు కోటు కాదు. జర్మనీల నేతాజీ ఫౌజుది. మా తాత గాయనతోటి సబ్‌మెరైన్‌ల వచ్చిండు."

ఆ ఒక్క వాక్యానికి నేను పద్దెనిమిది వేలు ఇచ్చాను. బట్టకు కాదు.

ఆ మాట నన్ను ఎందుకు పడగొట్టిందో తెలియాలంటే కొంచెం చరిత్ర చెప్పాలి. 1941లో బెర్లిన్ చేరిన సుభాష్ చంద్రబోస్, ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకు, ఇటాలియన్లకు బందీలుగా చిక్కిన భారతీయ సైనికుల్లోంచీ అక్కడే చదువుకుంటున్న కుర్రాళ్లలోంచీ మనుషుల్ని పోగు చేసి ఒక దళం కట్టాడు. ఇండియన్ లీజియన్ అన్నారు. జర్మన్ సైన్యం లెక్కల్లో అది 950వ పదాతి రెజిమెంటు. ఒక దశలో రెండున్నర వేల మంది దాటారు. కోనిగ్స్‌బ్రూక్‌లో శిక్షణ, 1943లో హాలండ్ తీరంలో కాపలా, తర్వాత ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర. తలకు పాగా, ఒంటికి జర్మన్ కోటు ఉన్న సిక్కు సైనికుల ఫోటోలు మీరూ చూసే ఉంటారు. 1944 ఆగస్టులో ఆ దళాన్ని నాజీల వాఫెన్ ఎస్ఎస్ కిందికి మార్చారు. 1945లో ఓటమి ఖాయమయ్యాక స్విట్జర్లాండ్ వైపు నడుస్తూ అమెరికన్, ఫ్రెంచ్ సేనలకు దొరికిపోయారు.

ఇందులో మన హైదరాబాదు ముక్క ఒకటుంది: ఆబిద్ హసన్. ఇంజినీరింగ్ చదవడానికి బెర్లిన్ వెళ్లిన హైదరాబాదీ కుర్రాడు చదువు వదిలేసి నేతాజీకి కార్యదర్శి అయ్యాడు. 'జై హింద్' అన్న పలకరింపు ఆయన కూర్చిందే అంటారు. జెండాలోని కాషాయం మీద అభిమానంతో పేరు చివర 'సఫ్రానీ' అని తగిలించుకున్నాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి యూ-180 జలాంతర్గామిలో నేతాజీతో బయల్దేరి, ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర అలల మీద రబ్బరు తెప్పలో జపాన్ వాళ్ల ఐ-29లోకి మారాడు. తర్వాత భారత దౌత్యవేత్తగా పనిచేసి, చివరికి హైదరాబాదులోనే 1984లో కన్నుమూశాడు. ఈ కథ నేను మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

ఇప్పుడు ఆ దుకాణదారు మాట మళ్లీ చదవండి. నేతాజీతో సబ్‌మెరైన్‌లో వచ్చిన తాత. ఆ జలాంతర్గామిలో ఉన్న భారతీయులు ఇద్దరే. ఒకరు నేతాజీ, రెండోవారు ఆబిద్ హసన్. మూడో తాత ఎక్కడ ఎక్కాడు?

ఆ సంగతి నాకు తెలుసు! తెలియక మోసపోవడం వేరు. నాకు కంఠస్థం వచ్చిన చరిత్రే నా నోరు నొక్కింది. నాకు ముందునుంచీ ఇష్టమైన కథకు దగ్గరగా ఉన్న అబద్ధాన్ని నా ముందు పెట్టేసరికి, నాలోని క్వాలిటీ ఆఫీసరు సెలవు చీటీ రాసిచ్చి వెళ్లిపోయాడు. వ్యక్తిత్వ వికాసం పేరుతో రాసే పుస్తకాల్లో 'నీ మీద నువ్వు నమ్మకం పెంచుకో' అని తెగ చెబుతారు. ఈ అధ్యాయం మటుకు ఆ నమ్మకాన్ని ఎప్పుడు కాసేపు పక్కన పెట్టాలో చెబుతుంది.

ఇంటికొచ్చాక ఒక వారం కోటు బీరువాలో వేలాడింది. ఎనిమిదో రోజు టైలర్ల టేపు పట్టుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ కోటు లోపల లైనింగ్ మీద సిరా ముద్రలో ఐదు కొలతలు ఉంటాయి: వీపు పొడవు, మెడ, ఛాతీ, మొత్తం పొడవు, చేయి. అన్నీ సెంటీమీటర్లలోనే. పక్కన డిపో గుర్తు, ఏడాది: 'ఎం 41' అంటే మ్యూనిక్ 1941, 'ఈ 40' అంటే ఎర్ఫర్ట్ 1940. యుద్ధం ముదిరాక కుట్టిన కంపెనీ పేరు తీసేసి, గీతలతో విడదీసిన అంకెల కోడ్ వేశారు. నా కోటులో ఛాతీ 102 అని ముద్ర. టేపు పెడితే 95. ఎవరో దొరికిన కోటు మీద దొరికిన ముద్ర కొట్టారు. నకిలీ పట్టుకోవడానికి పుస్తకాలు, నిపుణులు కావాలనుకుంటాం. ఈ పరీక్షకు పది రూపాయల టేపు చాలు.

మర్నాడు బీ షిఫ్ట్ అయ్యాక కోటును ల్యాబ్‌కు తీసుకెళ్లాను. మా దగ్గర రసాయనాలను విడదీసే టీఎల్‌సీ ప్లేట్లు చూసే నల్ల పెట్టె ఉంటుంది, అందులో అల్ట్రావయొలెట్ దీపం. 366 నానోమీటర్ల బటన్ నొక్కి చేతి పట్టీని కింద పెట్టాను. ఉన్ని చీకట్లోనే ఉండిపోయింది. పులి చుట్టూ ఉన్న తెల్ల దారం మాత్రం ట్యూబ్‌లైటులా నీలంగా వెలిగింది. లోపలి లేబులు కూడా. బట్ట తెల్లగా మెరవడానికి వేసే బ్రైటెనర్లు యుద్ధం తర్వాతే గుడ్డల్లో, కాగితాల్లో, సబ్బు పొడుల్లో విరివిగా చేరాయి. అలాగని ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పేయకూడదు. అసలైన పాత కోటును ఎవరో పుణ్యాత్ములు ఇప్పటి సబ్బు పొడిలో ఉతికినా అలాగే వెలుగుతుంది. వెలగనంత మాత్రాన అసలుది అనడానికీ లేదు. నకిలీ చేసేవాళ్లూ దీపాలు కొనుక్కున్నారు.

దారం కాల్చి చూడాలి. మా ప్లాంటులో అగ్గిపుల్ల గీయడమంటే పరీక్ష కాదు, నేరం. చుట్టూ సాల్వెంట్ల మధ్య బతికినవాళ్లకు అది వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ పని ఇంట్లో గ్యాస్ పొయ్యి దగ్గర చేశాను. లోపలి మడతలోంచి ఒక ఉన్ని పోగు లాగి పట్టకారుతో మంటకు చూపిస్తే ముడుచుకుని చిటపటమంది. వేలితో నలిపితే నల్లటి పొడి. హాల్లోంచి మా ఆవిడ కేకేసింది: "ఏందండీ, వెంట్రుకలు కాలిన కంపు?" మంచి వార్త. ఉన్ని జంతువు వెంట్రుకే మరి. రెండోది చేతి పట్టీ కుట్టిన దారం. అది పొడి కాలేదు, కరిగింది. చివర ఆవగింజంత గట్టి పూస కట్టింది. గోటితో నొక్కితే పగల్లేదు. పాలియెస్టర్. దాన్ని కనిపెట్టిందే 1941లో ఇంగ్లండ్‌లో. బజారులో దారంగా దొరికింది యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు. 1943లో జర్మన్ దర్జీ చేతికి అది ఎలా వెళ్తుంది?

ఇంకో సంగతి అప్పుడు తట్టలేదు, తర్వాత తట్టింది. కోటు మరీ బాగుంది. యుద్ధం సాగుతున్నకొద్దీ జర్మనీలో ఉన్ని కరువైంది. రేయాన్ కలిపారు, చిరుగుల ఉన్నిని మళ్లీ వడికారు. ముదురాకుపచ్చ కాలరు పోయి కోటు రంగే కాలరుకు వచ్చింది, జేబుల మీది మడతలు మాయమయ్యాయి, బలం లేని బట్ట నిలవాలని గుండీలు ఐదు నుంచి ఆరయ్యాయి. కాబట్టి 1943 నాటిదని చెప్పే కోటు పెళ్లి సూటులా నున్నగా ఉంటే సంతోషించకండి, అనుమానించండి.

మరి ఆ కోటు ఏంటి? నా అంచనా, సినిమా కోటు. హైదరాబాదు కాస్ట్యూమ్ కంపెనీల గోదాముల్లో ఏ దేశపు సైన్యమైనా నిలబడుతుంది. 2015లో క్రిష్ తీసిన 'కంచె'లో రెండో ప్రపంచ యుద్ధం చూశాం కదా, అలాంటి సినిమాలకు, సీరియళ్లకు, స్కూలు నాటకాలకు కుట్టిన బట్టలు ఏదో ఒక రోజు తుక్కులోకి వస్తాయి. కాస్ట్యూమ్ కుట్టిన దర్జీ ఎవర్నీ మోసం చేయలేదు. ఆ కోటు హ్యాంగరు మీద ఉన్నంతసేపూ అబద్ధం ఆడలేదు. దానికి తాతను తగిలించినప్పుడే అబద్ధం పుట్టింది.

తాతను తగిలించే ఈ విద్యలో ఆరితేరినవాడు కోన్‌రాడ్ కుయావు. స్టుట్‌గార్ట్‌లో నాజీ కాలపు సామాన్లు అమ్మేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి మామూలు హెల్మెట్ ఒకటి తీసుకుని, దీన్ని హిట్లర్ 1917లో పెట్టుకున్నాడని అతని అనుచరుడు రుడాల్ఫ్ హెస్ సంతకంతో చీటీ రాసి జతచేశాడు. గమనించండి, హెల్మెట్ అసలుదే. కాగితం నకిలీ. ఆ చీటీల అనుభవంతోనే పెద్ద పనికి దిగాడు: హిట్లర్ డైరీలు. 'స్టెర్న్' పత్రిక వాటికి 93 లక్షల మార్కులు పోసింది. 1983 ఏప్రిల్‌లో అట్టహాసంగా ప్రకటించింది. బ్యాంకు ఖజానాలో గుట్టగా పేర్చిన సంపుటాలు చూసి హ్యూ ట్రెవర్-రోపర్ అంతటి చరిత్రకారుడే తల ఊపాడు. కొన్ని అట్టల మీద 'ఏ.హెచ్.' బదులు 'ఎఫ్.హెచ్.' అని అక్షరాలున్నా ఎవరికీ ఆనలేదు. మే 6న జర్మన్ ప్రభుత్వ అభిలేఖాగారం తేల్చి చెప్పింది: కాగితంలో యుద్ధం తర్వాతి బ్రైటెనర్ ఉంది, అట్ట కుట్టులో పాలియెస్టర్ ఉంది. నా నల్ల పెట్టె, నా గ్యాస్ పొయ్యి చెప్పిన మాటే.

ఆ కథలో నన్ను నిద్రపోనివ్వని ముక్క ఇంకొకటి. డైరీల చేతిరాతను నిపుణులు ముందే పోల్చి చూశారు, కలిసింది అన్నారు. దేంతో పోల్చారు? హిట్లర్ రాతగా వాళ్లకు ఇచ్చిన నమూనాల్లో కొన్ని కుయావు రాసినవే! దొంగను దొంగతోనే గుర్తుపట్టించారు. ల్యాబ్‌లో పనిచేసినవాళ్లకు ఇది ఒంట్లో వణుకు పుట్టించే మాట. మేం మందును పరీక్షించేది రిఫరెన్స్ స్టాండర్డ్‌తో పోల్చి. ఆ స్టాండర్డ్ మందు పంపినవాడే పంపితే పరీక్ష అంతా నాటకం. నేనూ అదే చేశాను. కొనేముందు పట్టీని దేంతో పోల్చానో తెలుసా? అదే దుకాణదారు తన ఫోన్‌లో చూపించిన ఇంకో పట్టీ ఫోటోతో.

మీరు పాత కోట్లు కొనకపోవచ్చు. పెళ్లి సంబంధమో, ప్లాటో, వాటాల వ్యాపారమో, ఉద్యోగం ఇప్పిస్తానన్న మనిషో ఎదురవ్వచ్చు. పోల్చి చూశాం అని మీరు అనుకునే ప్రతిచోటా ఒక్క ప్రశ్న వేసుకోండి: పోలిక కోసం పెట్టుకున్న నమూనా ఎవరి చేతి నుంచి వచ్చింది? అమ్మేవాడే ఇచ్చిన ఫోన్ నంబరుకు చేసి అమ్మేవాడి మంచితనం వాకబు చేయడం మనకు అలవాటైన పనే.

ప్లాటు అన్నాను కాబట్టి చెబుతున్నా, వస్తువు పుట్టుపూర్వోత్తరాలు అనే పెద్ద మాటకు మన పటాన్‌చెరు, సంగారెడ్డి జనానికి అర్థం చెప్పక్కర్లేదు. లింకు డాక్యుమెంట్లు అంటే చాలు. రెండు వందల గజాల కోసం ముప్పై ఏళ్ల ఈసీ తీయించి, ఎవరి నుంచి ఎవరికి మారిందో వరుస కలిపి, మధ్యలో ఒక్క లింకు తెగితే అడ్వాన్సు వెనక్కి అడిగే మనుషులం. కోటుకూ అదే వరుస. ఎవరు వేసుకున్నారు, ఎవరి పెట్టెలో ఉంది, సముద్రం దాటి ఇక్కడికి ఎలా వచ్చింది. లీజియన్ సైనికులు బందీలుగా బ్రిటిష్ కాపలాలో దేశానికి వచ్చినవాళ్లు. శత్రువు కోటు మడతపెట్టుకుని ఇంటికి తెచ్చుకునే వీలు వాళ్లలో ఎందరికి ఉంటుంది? ఈ ఒక్క లింకు అడిగినా నా డబ్బు నా జేబులో ఉండేది. ఈ వరుస విలువ తెలిసిన చోటు ఒకటుంది, మా ఇంటికి కూతవేటు దూరంలోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ. 1972 నుంచీ అక్కడ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు లక్షకు పైగా రకాలు పోగేసి దాచారు. ప్రతి రకానికి ఏ ఊళ్లో, ఎప్పుడు సేకరించారో రాసిన వివరం ఉంటుంది. దాన్ని వాళ్లు పాస్‌పోర్ట్ అంటారు. ఆ కాగితం పోతే డబ్బాలో మిగిలేది గుప్పెడు జొన్నలు.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నానంటే, ఏదైనా పాత వస్తువు మీద మనసు పడితే జేబులోంచి నిజంగానే ఒక పసుపు చీటీ తీసి రాస్తాను. తేదీ, వస్తువు, అడిగిన ధర. అమ్మేవాడు చెప్పిన కథ వాడి మాటల్లోనే, ఒక్క ముక్క మార్చకుండా. మన మాటల్లో రాస్తే మనకు తెలియకుండానే కథను ఇస్త్రీ చేసేస్తాం. కింద ఒక గీత గీసి, ఈ కథ అబద్ధమైతే ఎక్కడ బయటపడాలి అని రాసుకుంటాను. ఆ రోజు ఈ గీత గీసి ఉంటే 'సబ్‌మెరైన్‌లో ఎంతమంది?' అన్నదే మొదటి ప్రశ్న అయ్యేది. ఏడు రోజులు కొనను. ఈలోగా ఇంకెవరో ఎగరేసుకుపోతారని భయపెడతారు. పోనీయండి. పోయిన వస్తువు వల్ల నేను నష్టపోయింది ఇంతవరకూ ఏమీ లేదు. చీటీలో రెండో గడి, సరిచూసినవారు, మాత్రం ఆ వస్తువు మీద ప్రేమ లేని మనిషికి ఇవ్వండి. సాటి సేకరణకర్తకు ఇవ్వకండి. వాడూ మీ జబ్బుతోనే ఉంటాడు.

కొన్ని మాటలు త్వరగా చెప్పేస్తాను. ఈ కోట్ల మీది నాజీ గుర్తు హాకెన్‌క్రాయిజ్‌ను మన గడప మీది స్వస్తిక్‌తో కలిపి మురిసిపోవద్దు. దాని కింద లక్షల మందిని చంపారు. జర్మనీలో దాన్ని బహిరంగంగా ప్రదర్శిస్తే నేరం. చరిత్ర సాక్ష్యంగా దాచుకోవడం వేరు, గోడకు తగిలించి సెల్ఫీ దిగడం వేరు. బయొనెట్లు, తుపాకుల జోలికి పోతే ఆయుధ చట్టం ఉంది. నూరేళ్లు నిండిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాలు ఇప్పుడు ఆ వయసుకు వచ్చేశాయి.

పతకాలంటే గుర్తొచ్చింది. పాతబస్తీలో తాతను కొనుక్కునే ముందు ఇంట్లో తాత పెట్టె తెరవండి. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఇంటికో సైనికుడు ఉంటాడని పేరు. కానీ అలాంటి పెట్టె మీ అటక మీద కూడా ఉండొచ్చు. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన పతకాల మీద పేర్లు వేయలేదు, భారతీయులకు ఇచ్చినవాటి మీద వేశారు. పతకం అంచు చుట్టూ భూతద్దం తిప్పితే నంబరు, హోదా, పేరు, దళం కనిపిస్తాయి. చింతపండుతో తోమకండి, అంచు అరిగితే పేరు పోతుంది. పాత కోటు దొరికితే ఉతకకండి, సబ్బు పొడి సాక్ష్యాన్ని కడిగేస్తుందని పైన చెప్పాను. దొరికిన చోటే, దొరికిన తీరులోనే ముందు ఫోటో తీయండి. జేబుల్లో బస్సు టికెట్టు ఉన్నా పారేయకండి. ఇంట్లో పెద్దవాళ్లు బతికుండగానే ఫోన్‌లో రికార్డు పెట్టి, తేదీ చెప్పించి, ఆ పెట్టె ఎవరిదో వాళ్ల నోట చెప్పించండి. అదే మీ వస్తువుకు మొదటి లింకు డాక్యుమెంటు.

నా కోటు సంగతి చెప్పలేదు కదూ. దుకాణదారు దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. వెళ్లి ఏమని అడగను, మీ తాత ఏ సీట్లో కూర్చున్నాడనా? ఆగస్టు 15కి కాలనీ పిల్లలు నేతాజీ నాటకం వేస్తామంటే ఇచ్చాను. ఇచ్చేముందు లోపలి లైనింగ్‌కు ఎర్ర చీటీ ఒకటి కుట్టాను, అతికించడం కాదు, కుట్టాను. రేపు నేను పోయాక దీన్ని ఇంకెవరూ తాతను తగిలించి అమ్మకూడదు కదా. 'సినిమా కోటు. ఛాతీ ముద్ర 102, కొలత 95. దారం పాలియెస్టర్. కొన్న ధర రూ.18,000.' చేసినవారు గడిలో నేను సంతకం పెట్టాను. సరిచూసినవారు గడి మా ఆవిడ ముందుకు జరిపితే కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ధర దగ్గర ఆగింది.

"నాకు ఎనిమిది వేలని చెప్పారు కదా?" అంటూనే సంతకం చేసింది.